ఆ రాత్రి మా బోటును నిలబెట్టిన అందరికీ కృతజ్ఞతలు

ఒక్కొక్కరి దగ్గరికీ స్వయంగా వచ్చి చెప్పాలనుకున్నాను. కానీ గాలి అనుకూలించగానే కొందరు లంగరు ఎత్తి వెళ్లిపోయారు. చీకట్లో కొందరి బోటు పేరు కూడా చూసుకోలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మావారు, ఇద్దరు పిల్లలు, నేను ఉండేది బోటులోనే. ఒడ్డున మాకు వేరే ఇల్లు లేదు. పిల్లల పుస్తకాలు, పక్కలు, కాగితాలు, మా సంసారమంతా అందులోనే ఉంది. ఆ రాత్రి మీరు కాపాడింది మా ఇల్లంతటినీ.

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతాను. మావారు పని మీద ఒడ్డున ఉన్నారు. పిల్లలు, నేను నిద్రలో ఉండగా, బోటు అడుగున (బిల్జ్‌లో) నీళ్లు చేరితే మోగే బిల్జ్ అలారం మోగింది. లేచి కాలు కింద పెడితే చల్లగా నీళ్లు తగిలాయి. సింక్ కింద, బోటు అడుగుకు బిగించిన సీకాక్, అంటే అడుగు రంధ్రాన్ని తెరిచి మూసే వాల్వు, మొదలు దగ్గరే విరిగిపోయింది. వాల్వే ఊడిపోయాక మూయడానికి ఏముంటుంది? నీటి మట్టానికి అర మీటరు కింద 38 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే నిమిషానికి 100 లీటర్లకు పైనే నీళ్లు లోపలికి వస్తాయి. బిల్జ్ పంపు ఆడుతూనే ఉంది, కానీ నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. బ్యాటరీలు మునిగితే ఆ పంపూ ఆగిపోతుంది. పిల్లలకు లైఫ్‌జాకెట్లు తొడిగి, వీహెచ్‌ఎఫ్ రేడియోలో, ఆపద పిలుపుల కోసం ఉన్న ఛానల్ 16లో సాయం అడిగాను. గొంతు వణికిపోయింది, ఏం చెప్పానో కూడా సరిగా గుర్తులేదు.

నేను మైక్ కింద పెట్టేలోపే డింగీ (చిన్న పడవ) చప్పుడు వినిపించింది.

పక్క బోటు పెద్దాయనా, మీకు మొదటి నమస్కారం. మీరు లోపలికి వస్తూనే, "భయపడకమ్మా, రంధ్రం ఎక్కడుందో చూపించు చాలు" అన్నారు. సింక్ కింద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి నీళ్లలో పెట్టి, చూపుతో కాదు, వేళ్లతో వెతికి పట్టుకున్నారు. మీ జేబులోంచి తీసిన చెక్క బిరడాను తడుముకుంటూ అందులో పెట్టి సుత్తితో కొట్టారు. మెత్తటి చెక్క కాబట్టి నీళ్లు పీల్చుకున్న కొద్దీ ఉబ్బి మరింత బిగుస్తుందని కొడుతూనే మా పెద్దాడికి వివరించారు. వాడి ఏడుపు ఆగింది అప్పుడే. నీళ్ల కంటే వాడి ముఖం చూసే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉండింది. మీరది గమనించారు, నాకు తెలుసు.

పెట్రోలు పంపు మోసుకొచ్చిన తమ్ముళ్లిద్దరికీ ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. అంత హడావుడిలోనూ ఇంజిన్‌ను డెక్ మీదే, గాలి వాలుకు ఉంచి, పైపు మాత్రమే లోపలికి దించారు. లోపల పెట్టి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండిపోయి ఉండేది.

ఇక అక్కా, మీ గురించి రాయాలంటే కళ్లు తడుస్తున్నాయి. పిల్లల్ని మీ బోటుకు తీసుకెళ్లి, మీ పక్క మీదే పడుకోబెట్టి, దొర్లిపోకుండా అడ్డుగుడ్డ కట్టారు. అంతటితో ఆగలేదు. ఉప్పునీళ్లలో తడిసిన పరుపులు ఎండలో ఎంతసేపు వేసినా పూర్తిగా ఆరవు. ఉప్పు గాలిలోని తేమను మళ్లీ లాక్కుంటుంది, ఆ తర్వాత బూజు పడుతుంది. మంచినీళ్లతో కడగడమొక్కటే దారి. మా మంచినీళ్ల ట్యాంకులోకి ఉప్పునీళ్లు వెళ్లిపోయాయి. మీరు మీ ట్యాంకు నీళ్లు ఇచ్చారు! బోటులో ఉండేవాళ్లకు దాని విలువ తెలుసు. మనం గిన్నెలు కూడా సముద్రపు నీళ్లతో తోమి, ఆఖరున ఒక్క చెంబు మంచినీళ్లతో తొలుస్తాం కదా. అలాంటిది మీరు బకెట్ల కొద్దీ పోశారు. వద్దన్నా వినలేదు. పాప లెక్కల పుస్తకాన్ని పేజీ పేజీకీ మధ్య కాగితం పెట్టి ఆరబెట్టారు. అంచులు అలలు తిరిగినా అక్షరాలు చెదరలేదు. పాప ఇప్పుడు అందులోనే లెక్కలు చేసుకుంటోంది.

ఇంజిన్ స్టార్టర్ మోటారు విప్పి కడిగిన మెకానిక్ గారికి, మర్నాడే బోటును పైకెత్తడానికి వీలు చేసి, బోటు స్టాండ్ల మీద ఉన్నన్నాళ్లూ స్నానాలకు గది ఇచ్చిన బోట్ల యార్డు వాళ్లకు కూడా కృతజ్ఞతలు.

యార్డులో తెలిసిన సంగతి మీ అందరికీ చెప్పడం నా బాధ్యత. విరిగిన ముక్క ఇత్తడిది. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన లోహం. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో ఉంటే జింక్ కరిగిపోయి రాగి మాత్రం గుల్లగా మిగులుతుంది. పైకి ఏ తేడా కనపడలేదు. విరిగిన చోట మాత్రం పసుపు రంగు పోయి గులాబీ రంగు తేలింది, గోటితో గీస్తే పొడి రాలింది. మావారు వచ్చాక మిగతావన్నీ తీయించి కంచువి వేయించారు. మీ బోటు ఈసారి ఒడ్డుకెక్కినప్పుడు దయచేసి మీవీ చూపించుకోండి. ఒక్కో సీకాక్ పక్కనా దానికి సరిపోయే చెక్క బిరడా కట్టి ఉంచండి. మేం కట్టేశాం.

పెద్దాయన బిరడాకు బదులు కొత్తవి ఇచ్చేశాం. పాతది మా పెద్దాడు ఇవ్వనంటే ఆయన నవ్వి వాడికే వదిలేశారు. నీలం పిడి ఉన్న బకెట్, ఒక హెడ్‌లైట్, పెద్దవాళ్ల రెయిన్‌కోటు ఎవరివో ఇంకా మా దగ్గరే ఉన్నాయి. మీవైతే రేడియోలో పిలవండి, డింగీలో తెచ్చి ఇస్తాం. దూరం వెళ్లిపోయి ఉంటే ఇక్కడే ఒక మాట రాయండి, మళ్లీ ఎక్కడ కలిస్తే అక్కడ అందజేస్తాం.