రామానికి: గరాజులోని తూటాల బల్ల గురించి

డల్లాస్,
ఆదివారం రాత్రి.

ప్రియమిత్రుడు రామానికి,

మొన్న ఫోనులో, "ఇంట్లో తూటాలు చేసుకోవడమేమిట్రా, పోలీసులు ఊరుకుంటారా?" అని అడిగావు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కాబట్టి నీ అనుమానం సహజమే. ఇక్కడ టెక్సస్‌లో సొంత వాడకానికి చేసుకునేవారికి లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి చేసేవారికే కావాలి.

తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల తుపాకిమందు, మూతిలో బిగించిన గుండు. పేల్చాక తొడుగు ఒక్కటే మిగులుతుంది, నాలుగింటిలోనూ ఖరీదైనది సాధారణంగా అదే. అందుకే కాల్చడం అయ్యాక నేల మీద పడిన తొడుగులన్నీ ఏరుకొచ్చి, సాగిన ఇత్తడిని అచ్చులో నొక్కి మళ్లీ పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు అమరుస్తాను. నా జింకల వేట తుపాకిలో వాడే తూటా పేరు థర్టీ ఆట్ సిక్స్ (.30-06). అమెరికా సైన్యం ఆ తూటాను 1906లో చేపట్టింది కనుక పేరులో ఆ "ఆట్ సిక్స్" (06) వచ్చింది. దుకాణంలో ఒక్కొక్కటి డాలరున్నర పెట్టి కొనేవాడిని, ఇప్పుడు 80 సెంట్లలో తయారవుతోంది.

అయితే ఇందులో అందరికీ డబ్బు మిగులుతుందని నేను చెప్పను. తొడుగులను అచ్చులో నొక్కే ప్రెస్సు, అచ్చులు, మందు తూచే త్రాసు కలిపి నాకు 400 డాలర్లయ్యాయి. ఏటా 100 తూటాలు కాల్చేవాడికి ఆ పెట్టుబడి తిరిగి రావడానికి సుమారు ఆరేళ్లు పడుతుంది. నేను నెలకే అన్ని కాలుస్తాను కనుక ఆరు నెలల్లో గిట్టింది. పిస్తోలు తూటా నైన్ ఎంఎం దుకాణంలోనే చవక, దాని కోసం ఇంత శ్రమ దండగ.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తొడుగులు చూడడానికే పోతుంది. కొన చిన్నగా వంచిన సన్నని తీగను లోపలికి దించి, అడుగుకు కాస్త పైన గోడ వెంబడి మెల్లగా గీస్తాను. ఎక్కడైనా కొన గాడిలో దిగినట్టు తట్టుకుందంటే ఇత్తడి లోపల పలచబడిందన్నమాట, బయటికి ఎంత మెరిసిపోతున్నా ఆ తొడుగు ఇక పనికిరాదు.

పోయిన ఏడాది మందు పోస్తూ మధ్యలో ఫోను ఎత్తాను. మరుసటి రోజు కాల్పుల మైదానంలో ఒక తూటా "టప్" మని మాత్రమే అంది. తోటివాడు చూసి, "ఆగు, మళ్లీ కాల్చకు" అన్నాడు. విప్పి చూస్తే, మందు పడని తూటా అది. ప్రైమరు ఒక్కటే పేలి, గుండు గొట్టం మొదట్లో ఇరుక్కుపోయింది. దాని వెనుక ఇంకొకటి కాల్చి ఉంటే గొట్టం పగిలి నా ముఖం మీదికే వచ్చేదిరా, ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఫోను వంటింట్లోనే వదిలి వస్తాను. 50 తొడుగులూ బల్ల మీద నిలబెట్టి, గుండ్లు బిగించే ముందు ఒక్కొక్క దానిలోకీ టార్చి వేసి, అన్నిటిలో మందు ఒకే మట్టంలో ఉందో లేదో చూస్తాను. మందు తూకం ఎంతో కూడా అచ్చయిన పుస్తకంలో చూసిందే వాడతాను, ఎవరి నోటి మాటా వినను.

ఇవాళ 50 తీసి చూస్తే మూడింటిలో తీగ తట్టుకుంది. వాటి మూతులు నొక్కేసి తుక్కు డబ్బాలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మిగిలిన 47 రేపు నింపుతాను.

నీ,
మూర్తి