గ్లాస్ క్యాట్‌ఫిష్ అని మేం అమ్మినది వాలుగ పిల్ల

గత రెండు నెలల్లో మా అక్వేరియం చేపల దుకాణంలో గ్లాస్ క్యాట్‌ఫిష్ (ఒళ్లు అద్దంలా ఉండే చిన్న చేప) కొన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మీ ఇంట్లో ఉన్నది ఆ చేప కాదు. తప్పు పూర్తిగా నాది.

కోల్‌కతా నుంచి వచ్చిన సరుకులో ఒక సంచి మీద పేరు లేదు, ‘క్యాట్ మిక్స్’ అని మాత్రం రాసి ఉంది. లోపల 14 చేప పిల్లలు. రెండంగుళాల పొడుగు, పక్కల నుంచి నొక్కినట్టు సన్నటి ఒళ్లు, వెండి రంగు, పొట్ట దగ్గర మొదలై తోక దాకా సాగిన కింది రెక్క. రాత్రి పదింటికి సంచులు విప్పుతున్న తొందరలో చూసి, గ్లాస్ క్యాట్‌ఫిష్ అనుకుని చీటీ రాసి అంటించేశాను. మూడు ఇక్కడే చనిపోయాయి. మిగిలిన 11 ఒక్కోటి 120 రూపాయలకు అమ్మాను.

పోయిన నెలలో ఒక కస్టమర్ ఫోన్ చేశారు. ‘అన్నా, ట్యాంకులో నియాన్ టెట్రాలు, ఆ చిన్న రంగు చేపలు, రోజూ ఒకటో రెండో తగ్గిపోతున్నాయి. చచ్చి తేలిందీ లేదు, ఎక్కడికి పోతున్నాయో తెలియట్లేదు’ అన్నారు. ఫిల్టర్ లాగేస్తోందేమో చూడమన్నాను. అసలు మొదట అడగాల్సింది ఆ ట్యాంకులో ఇంకేం చేపలున్నాయని. నాలుగు రోజుల తర్వాత ఆయనే బకెట్లో ఆ చేపను తీసుకొచ్చారు. ఐదంగుళాలు దాటింది. పొట్ట ఉబ్బి ఉంది.

దాన్ని విడిగా గాజు పెట్టెలో పెట్టి కూర్చున్నాను. ముందు మీసాలు లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి: పైవి రెండూ బాగా పొడుగు, కిందివి పొట్టి. జెల్లకైనా ఇంగిలాయికైనా ఎనిమిది ఉంటాయి కాబట్టి అవి కావు. పైగా జెల్లకు వీపు మీద, తోకకు ముందు మెత్తటి కొవ్వు రెక్క ఉంటుంది, దీనికి లేదు. కోల్‌కతా వాళ్లు ఇష్టంగా తినే పాబ్దా కావచ్చు అనిపించింది, దానికీ నాలుగు మీసాలే. కానీ పాబ్దా నోరు కన్ను దాకా చీలదు. ఈ చేప నోరు కన్ను దాటి వెనక్కి చీలి ఉంది. అది చూశాక నాకు అనుమానం మొదలైంది. మర్నాడు పొద్దున్నే చేపల మార్కెట్‌కు పట్టుకెళ్లి, మా ఇంటికి ఎప్పట్నుంచో చేపలిచ్చే అక్కకు చూపించాను. మూత తీసీ తీయకముందే ‘వాలుగ పిల్లండీ ఇది, దీన్ని గాజు పెట్టెలో పెట్టారేంటి?’ అంది.

దీని శాస్త్రీయ నామం వాలగో అట్టు. ఆ వాలగో మన వాలుగే. రాజమండ్రిలో, గోదావరి పక్కన చేపల దుకాణం పెట్టుకుని ఈ చేపను నేను గుర్తుపట్టలేకపోయాను. ఈ మాట రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది.

మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడం సులభమే. చేప వెనక సెల్‌ఫోన్ లైట్ పెట్టి చూడండి. అసలు గ్లాస్ క్యాట్‌ఫిష్ అయితే వెన్నెముక ఎముకలతో సహా కనిపిస్తుంది, పేగులు మాత్రం తల వెనక చిన్న వెండి సంచిలా ఉంటాయి. అది థాయ్‌లాండ్ చేప, మూడంగుళాలు మించి పెరగదు. వాలుగ ఒళ్లు అలా అద్దంలా ఉండదు. పక్క నుంచి చూస్తే నోటి గీత కన్ను దాటి ఉంటుంది.

వాలుగ మీటరు దాటి పెరిగే చేప. రాత్రిపూట వేటాడుతుంది, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. మనలో ఎక్కువమంది ఇళ్లలో ఉండే రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో 57 లీటర్ల నీళ్లే పడతాయి. ఐదంగుళాల పిల్లను కొన్నాళ్లు ఉంచాలన్నా నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు కావాలి, అంటే దాదాపు 255 లీటర్లు. అదీ తాత్కాలికమే. ఇంట్లో దీన్ని ఎప్పటికీ పెంచుకోవచ్చని నేను ఎవరికీ చెప్పలేను.

అందుకే వెనక్కి తెచ్చి ఇచ్చేయమని అడుగుతున్నాను. మీ డబ్బు పూర్తిగా ఇస్తాను, అది మింగిన చేపలకు బదులు చేపలూ ఇస్తాను. 11లో ఆరు ఇప్పటికే వచ్చేశాయి. దుకాణం వెనక ఎనిమిదడుగుల సిమెంటు తొట్టి కట్టించి అందులో ఉంచాను. అదీ కొంతకాలమే సరిపోతుంది, ఆ తర్వాత వాటిని ఎక్కడికి చేర్చాలో మత్స్యశాఖ వాళ్లను అడుగుతాను.

వెంటనే తేలేకపోతే ఈ నాలుగు రోజులకు ఇలా చూసుకోండి. చిన్న చేపలను వేరే ట్యాంకులోకి మార్చండి. అది దాక్కోవడానికి లావుపాటి పీవీసీ పైపు ముక్క వేయండి, లైటు తగ్గించండి. వాలుగ ఎగురుతుంది, మూత మీద బరువు పెట్టండి. చీకటి పడ్డాక పచ్చి రొయ్య ముక్కలు రెండు రోజులకోసారి వేస్తే చాలు. చికెన్, కాలేయం వేయొద్దు, వాటి కొవ్వు చేపకు అరగదు, నీళ్లూ పాడవుతాయి. దీని ఒంటికి పొలుసులుండవు, మందులు ఘాటుగా తగులుతాయి. మచ్చ కనిపించినా మీ అంతట మీరు మందు వేయకుండా ముందు నాకు చెప్పండి.

గోదావరి చేపే కదా, గోదావరిలో వదిలేద్దాం అని ఇద్దరు అడిగారు. దయచేసి వద్దు. మా దుకాణం నీళ్లలో ఎక్కడెక్కడి చేపలో కలిసి ఉంటాయి. వాటి జబ్బు ఈ పిల్లతో పాటు నదిలోకి పోతుంది. ట్యాంకు శుభ్రం చేస్తుందని మాలాంటి వాళ్లం అమ్మిన సక్కర్ ఇప్పుడు చెరువుల్లో దెయ్యం చేపై మత్స్యకారుల వలలు చింపుతోంది. పైగా ప్రపంచంలో తగ్గిపోతున్న చేపల జాబితాలో వాలుగ ఉంది. దాని పట్ల మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇకనుంచి పేరు తేలని చేప మా దుకాణంలో అమ్మకానికి రాదు. ప్రతి ట్యాంకు మీద చేప పేరు, పెద్దయితే ఎంత పెరుగుతుందో రాస్తున్నాం. సగం ట్యాంకులకు రాయడం అయింది. ‘క్యాట్ మిక్స్’ సంచులు పంపొద్దని సరుకు ఇచ్చేవాళ్లకు చెప్పేశాను.

ఇంకా ఐదు పిల్లలు మీ ఇళ్లలో ఉన్నాయి. తెచ్చేటప్పుడు వలతో పట్టకండి, మీసాలూ రెక్క ముళ్లూ వలలో చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ డబ్బా నీళ్లలో ముంచి, చేపను మెల్లగా అందులోకి తోలి, అదే ట్యాంకు నీళ్లతో మూత పెట్టి తీసుకురండి. రాత్రి పది దాకా దుకాణంలోనే ఉంటాను. రాలేని వాళ్లు ఒక్క ఫోన్ చేయండి, నేనే మీ ఇంటికి వస్తాను.