అదే మ్యాచ్, అదే దూరదర్శన్, మా తీగలో మాత్రం రాదు: కేంద్ర ప్రసార శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి,

నమస్కారమండి. నేను కోనసీమలో ఒక కేబుల్ ఆపరేటర్ని. 1995లో అప్పు చేసి డిష్ పెట్టాను. అప్పట్లో స్తంభాలెక్కడివండి, కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి తీగ లాగేవాళ్లం. 1996 నవంబరు తుపానుకి చెట్లతోపాటు తీగలూ పోతే మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాం. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టడం, గడ్డి లోడు ట్రాక్టరు లైను తెంపుకుపోవడం, ఇవన్నీ మామూలే. మీదాకా తెచ్చే సంగతులు కావు. తేవలసింది ఒకటుంది.

2023 నవంబరు 19, క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్. మా లైనులో ఉన్న టీకొట్టతను ఫోను చేశాడు. "ఏమండోయ్, ఎదురింట్లో దూరదర్శన్‌లో మ్యాచ్ వత్తంది. నేనూ దూరదర్శనే పెట్టాను, ఇంకేదో వత్తంది. మీ బాక్సు పోయిందాండి?" బాక్సు బాగానే ఉంది. ఎదురింటివాళ్లది డాబా మీద ఫ్రీడిష్, అంటే దూరదర్శన్‌వాళ్ల సొంత డీటీహెచ్, నెలకి పైసా కట్టక్కర్లేదు. ఈయన నెలనెలా నాకు బిల్లు కడతాడు. కట్టనివాళ్లకి వచ్చింది, కట్టినాయనకి రాలేదు. ఎందుకో వివరంగా చెప్పాను. నమ్మలేదు. నేనే ఏదో మీట నొక్కేశానని ఆయనకి ఇప్పటికీ అనుమానం.

మీకు తెలియనిది కాదుగానీ, ఈ లేఖ చదివే మా ఊరివాళ్ల కోసం చెబుతాను. జాతీయ ప్రాధాన్యం ఉన్నవని ప్రభుత్వం ప్రకటించిన ఆటల సిగ్నల్‌ని హక్కులు కొన్న సంస్థ, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. టీవీ ప్రకటనల డబ్బులో 75 శాతం ఆ సంస్థకి, 25 శాతం ప్రసార భారతికి. డబ్బు పెట్టి ఛానెల్ కొనుక్కోలేనివాడు కూడా మ్యాచ్ చూడాలన్నదే అందులో ఉద్దేశం. ఇటు 1995 నాటి కేబుల్ చట్టం 8వ సెక్షన్ ఏమో, దూరదర్శన్ ఛానెళ్లని మేము చూపించి తీరాలంటుంది. ఈ రెండూ కలిసిన చోట, పంచుకున్న మ్యాచ్ మా తీగలోకీ రావచ్చా అని తగువు పుట్టింది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకీ సొంత డీటీహెచ్‌కీ మాత్రమే, కేబుల్‌లోకి పోకూడదు. ఇంటి మీద యాంటెన్నా పెట్టి టవరు సిగ్నల్ పట్టేవాళ్లు ఇప్పుడు మా ఊళ్లో ఎవరున్నారండి? మిగిలింది ఫ్రీడిష్ ఒక్కటే.

కోర్టుని తప్పుపట్టేంతవాణ్ని కాను. చట్టంలో రాసినదాన్నిబట్టి చెప్పారు. రాత మార్చాల్సింది పార్లమెంటు. ఆ పని మీ శాఖే మొదలుపెట్టింది కూడా. 2018లో సవరణ ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగారు. ఆ కాగితం తర్వాత కదిలినట్టు మాకు కనబడలేదు.

క్రికెట్ ఒక్కదాని గొడవ కాదండి ఇది. 2022 మే 15, ఆదివారం, బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ థామస్ కప్ ఫైనల్. మా అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి మొదటి గేమ్ ఓడి, రెండోది 23-21, మూడోది 21-19 గెలిచాడు. ఇండోనేసియాని 3-0తో కొట్టి మనవాళ్లు మొదటిసారి ఆ కప్పు తెచ్చారు. ఆరోజు నాకు ఒకటే ఫోన్లు, "మన సాత్విక్ ఆట ఎందులో వత్తందండి?" అని. ఆ ఛానెల్ కొత్తగా పుట్టింది, మా ప్యాకేజీలో లేదు. కొందరు మనవల ఫోన్లు అడిగి తీసుకుని చూశారు. అరచేతంత తెర మీద షటిల్ ఎటు పోయిందో డెబ్బై ఏళ్ల కంటికి ఎలా ఆనుతుంది! మా పిల్లాడు కొట్టిన స్మాష్ మా ఊరి టీవీల్లో పడలేదు. ఆ నామోషీ నాకు ఇంకా పోలేదు.

ఇక ముందు మా గతేమిటో కూడా చెబుతాను. 2022 జూన్‌లో ఐపీఎల్ అయిదేళ్ల హక్కులు వేలం వేస్తే మన దేశంలో టీవీకి 23,575 కోట్లు, ఇంటర్నెట్‌కి 23,758 కోట్లు పలికాయి. తేడా చిన్నదే, తక్కెడ ఎటు దిగిందో మాత్రం తెలిసిపోయింది. మరుసటి వేసవిలో ఆ మ్యాచ్‌లు ఫోన్లో ఊరికే వచ్చాయి, టీవీలో డబ్బు కట్టి చూడాలి. కుర్రాళ్లున్న ఇళ్లవాళ్లు బాక్సులు తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్లారు. ఒకప్పుడు నాది మూడు ఊళ్ల లైను, ఇప్పుడు ఒకటిన్నర. టీవీ హక్కులున్న సంస్థా, ఇంటర్నెట్ హక్కులున్న సంస్థా 2024 నవంబరులో ఒకటయ్యాయి. ఆట టీవీలో ఎన్నాళ్లు ఉండాలో, ఏ ధరకి ఉండాలో ఇకమీదట ఒకే గదిలో తేలుతుంది. ఆ గదిలో మాలాంటివాడికి కుర్చీ ఉండదు. అంచేత మీకు రాస్తున్నాను.

ఇదంతా నా పొట్ట కోసమే అంటారేమో. పొట్ట కోసమూ ఉందండి, దాచను. వేల కోట్లు పోసి కొన్నదాన్ని ఊరికే పంచేస్తే మా చందాలేం కావాలని హక్కుదారులు అడుగుతారు, అందులోనూ న్యాయముంది. కాబట్టి అన్ని ఆటలూ అడగడం లేదు. ఐపీఎల్ మీ జాబితాలో లేదు, వద్దు. ప్రభుత్వమే జాతీయ ప్రాధాన్యం ఉందని రాసుకున్న మ్యాచ్‌లు, దూరదర్శన్ ఎలాగూ చూపిస్తున్నవి, అవే ప్రకటనలతో మా తీగలోంచి కూడా పోనివ్వండి. జాబితానీ ఒకసారి తిరగేయండి. మనవాళ్లు ఫైనల్‌కి చేరిన ప్రతి ప్రపంచస్థాయి పోటీకీ అందులో చోటుందో లేదో చూడండి.

ఆ ముసాయిదా మళ్లీ బయటికి తీస్తే అభిప్రాయాలు తెలుగులో కూడా తీసుకోండి. టీకొట్టతను తనే రాస్తానంటున్నాడు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక కేబుల్ ఆపరేటర్