మే నెలలో మొరెయిన్ సరస్సు గడ్డకట్టి ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

కెనడా రాకీ పర్వతాల మీద పత్రికల్లో ఏ విహార వ్యాసం వచ్చినా పక్కన మొరెయిన్ సరస్సు ఫొటో ఉంటుంది. అది ఏ నెలలో తీసిందో మాత్రం ఉండదు. దయచేసి ఆ ఒక్క ముక్కా వేయండి. వేసవి సెలవులనో పెళ్లిరోజనో మే నెలకు టికెట్లు కొనుక్కునే జంటలకు అక్కడ కనిపించేది తెల్లటి మంచే. దాదాపు 1,885 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సు కరిగేసరికి జూన్ వస్తుంది. అక్కడికి రోడ్డు తెరిచేదీ జూన్ మొదట్లోనే.

కరిగిన వెంటనే రంగు తేలదు. హిమానీనదం కదులుతూ తన కింది రాతిని మెత్తటి పిండిలా నూరుతుంది. ఎండలు ముదిరాక ఆ పొడి కరిగిన నీటితో సరస్సులోకి దిగి, అడుగుకు చేరకుండా తేలుతూ ఉంటుంది. నీలం, ఆకుపచ్చ కాంతిని వెదజల్లేది అదే. అందుకే జులై, ఆగస్టు మేలు. ఒడ్డున నిలబడితే ఆ రంగు సగమే తెలుస్తుంది. మొరెయిన్ దగ్గర రాళ్లగుట్ట ఎక్కాలి, అక్కడి మరో సరస్సు పేటోను బో సమ్మిట్ అనే ఎత్తైన చోటు నుంచి చూడాలి.

2023 నుంచి మొరెయిన్ రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వడం లేదు. జాతీయ పార్కులను చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా నడిపే షటిల్ బస్సులో సీటు ముందే బుక్ చేసుకోవాలి. కొన్ని సీట్లు ఏప్రిల్ ప్రాంతంలో ఇస్తారు. మిగిలినవి ప్రయాణానికి రెండు రోజుల ముందు, అక్కడి ఉదయం 8 గంటలకు తెరుస్తారు. హైదరాబాద్‌లో అప్పుడు రాత్రి 7.30. అవి చూస్తుండగానే అయిపోతాయి.

ఇద్దరే వెళ్లేవారు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే రోజుల్లో మొరెయిన్ దగ్గరి లార్చ్ వ్యాలీ వంటి నడకదారుల్లో నలుగురికి తక్కువైతే నడవనివ్వరు. దారి మొదట్లో ఆగి మరో జంటతో కలిసి వెళ్లాలి. ఎలుగుబంటి మీదికి వస్తే కొట్టే ఘాటైన బేర్ స్ప్రేను విమానంలో చెక్‌ఇన్ సామానులోనూ అనుమతించరు కాబట్టి అక్కడి బాన్ఫ్ పట్టణంలోనే కొనండి. బ్యాగు అడుగున పెడితే దండగ, నడుముకు తగిలించుకోండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకూ కెనడా వీసా తప్పనిసరి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి అక్కర్లేదు.

లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వరకు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అనే రహదారి సుమారు 230 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు దొరికేది సస్కాచెవాన్ రివర్ క్రాసింగ్‌లోనే, శీతాకాలంలో అదీ మూసేస్తారు. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దింపుకోండి.

ఆ దారిలోనే అథబాస్కా హిమానీనదం. 19వ శతాబ్దం మధ్య నుంచి అది కిలోమీటరున్నరకు పైగా వెనక్కి తగ్గింది. ఏ ఏడు మంచు అంచు ఎక్కడిదాకా ఉండేదో కాలిబాట వెంట గుర్తులు పెట్టారు, అవి తప్పక చూడండి. అడ్డుగా కట్టిన తాడు మాత్రం ఫొటో కోసమైనా దాటొద్దు. పగుళ్ల మీద మంచు పలచగా కప్పుకుని గట్టి నేలలా కనిపిస్తుంది. జారిపడితే కిందికి పోనుపోను ఇరుకై మనిషి ఇరుక్కుపోతాడు, పైకి తీసేలోపే ఒళ్లు చల్లబడిపోతుంది. అలా ప్రాణాలు పోయాయి. మంచు మీద నడవాలనుకుంటే గైడుతో వెళ్లండి, బూట్లకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు వాళ్లే ఇస్తారు. జులైలోనూ మంచు మీంచి వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది. గాలి ఆపే జాకెట్టు, టోపీ, గ్లౌజులు ఇద్దరికీ ఉండాలి.

— ఇద్దరు పాఠకులు, కాల్గరీ