రెండూ మూడూ కలిపితే 23

తల్లిదండ్రులకు నమస్కారం.

మన ఎనిమిదో తరగతి పిల్లలు ఈ నెల కంప్యూటర్ పీరియడ్లలో బ్రౌజర్‌లో పనిచేసే క్యాలిక్యులేటర్ తయారుచేస్తున్నారు. మీ అబ్బాయో అమ్మాయో ఇంటికొచ్చి "రెండూ మూడూ కలిపితే ఇరవై మూడు వచ్చింది" అంటే కంగారుపడకండి. కూడికలు మర్చిపోలేదు.

ఆ సంగతి నేను క్లాసులో కళ్లారా చూశాను. ఒక అమ్మాయి మొదటి గడిలో 2, రెండో గడిలో 3 కొట్టి ప్లస్ నొక్కింది. 23 వచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. "తీసివేత చేసి చూడు" అన్నాడు పక్క పిల్లవాడు. 6 లోంచి 2 తీస్తే 4 సరిగ్గానే వచ్చింది! ఇక క్లాసంతా ఆ కంప్యూటర్ చుట్టూ మూగింది. గడిలో టైప్ చేసినదాన్ని జావాస్క్రిప్ట్, అంటే పిల్లలు ఈ క్యాలిక్యులేటర్ రాస్తున్న కంప్యూటర్ భాష, అక్షరాలుగానే చూస్తుంది. ప్లస్‌కు అక్షరాలను పక్కపక్కన అతికించే పని కూడా ఉంది కాబట్టి 2 పక్కన 3 పెట్టేసింది. మైనస్‌కు ఆ పని లేదు, అందుకే వాటిని సంఖ్యలుగా మార్చుకుని తీసేసింది. టీచర్ జవాబు చెప్పకుండా ఓపిక పట్టారు. ముందు సంఖ్యగా మార్చాలని చివరికి పిల్లలే పట్టుకున్నారు. పీరియడంతా దానికే సరిపోయింది. నాకైతే అదే మంచి పీరియడ్ అనిపించింది.

వచ్చే వారం 0.1కి 0.2 కలుపుతారు. 0.30000000000000004 వస్తుంది. 1ని 3తో భాగిస్తే మనకు 0.333... అని ఎక్కడా తెగదు కదా, సున్నా, ఒకటి మాత్రమే వాడే కంప్యూటర్‌కు పదో వంతు కూడా అలాగే తెగదు. ఎక్కడో ఒకచోట ఆపేసి దాచుకుంటుంది.

ఈ క్యాలిక్యులేటర్ తయారీకి ఇంట్లో ఇంటర్నెట్ అక్కర్లేదు. కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్‌లో కోడ్ రాసి, ఫైల్ పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ అని పెట్టి సేవ్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మార్కులు లేవు, ఆ టెన్షన్ పెట్టకండి. ఎక్కడినుంచో రెడీమేడ్ కోడ్ మాత్రం తెచ్చి ఇవ్వొద్దని గట్టిగా కోరుతున్నాను. తప్పు జవాబు వస్తే "అలా ఎందుకొచ్చిందంటావ్?" అని అడగండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

నెలాఖరు శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ గదిలో అన్నీ తెరిచి పెడతాం. వచ్చి మీరే నొక్కి చూడండి. సున్నాతో భాగిస్తే జావాస్క్రిప్ట్ మామూలుగా 'ఇన్ఫినిటీ' అని చూపిస్తుంది. పిల్లలు ఊరుకోకుండా ఆ చోట ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకున్నారు. ఒకరి దాంట్లో బటన్లన్నీ ఎర్రబడి "సున్నాతోనా?!" అని అడుగుతాయి. అది తప్పకుండా నొక్కండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు