నీటి వాటాకు పోట్లాడేవారు కొండ ఊసెత్తరేం?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒడిశాలోని రాయగడలో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంవాళ్లం. మా పక్కనున్న సిజిమాలి కొండపై బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాల గొడవ తెలుగు పత్రికల్లో ఎప్పుడైనా కనిపించినా, పొరుగు రాష్ట్రపు శాంతిభద్రతల వార్తగా లోపలి పేజీలో నాలుగు వాక్యాలతో ముగిసిపోతోంది. వంశధార పుట్టింది నియమగిరి కొండల్లోననీ, నాగావళి పుట్టింది కలహండి జిల్లా తువాముల్ రాంపూర్ ప్రాంతంలోననీ, సిజిమాలి ఆ రాంపూర్ బ్లాకుకూ మా జిల్లా కాశీపూర్ బ్లాకుకూ నడుమ ఉందనీ గుర్తుచేస్తే, శ్రీకాకుళం, పార్వతీపురం పాఠకులు దీన్ని పొరుగింటి తగాదాగా చూడరని నా నమ్మకం.

ఈ కొండల నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. ఆ పైపొరే బాక్సైట్. వాననీటిని పీల్చుకుని ఎండాకాలం దాకా ఊటగెడ్డల్లోకి కొద్దికొద్దిగా వదిలేదీ అదే. మా వీధి బోర్లు అడుగంటిన ఒక మే నెలలో బుధవారంనాటి చాటికోన సంతకు వెళ్లాను. నియమగిరి ఆదివాసులైన డొంగ్రియా కొంధ్ స్త్రీలు గంపల్లో తెచ్చిన అనాసపళ్ల మొదళ్లకు ఇంకా తడిమన్ను అంటుకుని ఉంది. ఈ ఎండల్లో నీళ్లెక్కడివని ఒకామెను అడిగితే, గడ్డంతో కొండవైపు చూపించి, మళ్లీ చిల్లర లెక్కపెట్టుకోవడంలో పడింది.

నియమగిరిపై తవ్వాలో వద్దో గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం 12 పల్లెలు సభలు పెట్టి, పన్నెండూ వద్దన్నాయి. ఆ తీర్పుకు ఆధారమైన 2006 అటవీ హక్కుల చట్టం ఈనాటికీ అమల్లో ఉంది. కానీ 2022 నాటి అటవీ సంరక్షణ నియమాలతో, ఆ హక్కుల సంగతి తేలకుండానే కేంద్రం తుది అనుమతి ఇచ్చే వీలు కలిగింది. మిగతాది తరువాత రాష్ట్రం చూసుకోవాలట. ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచాక పెళ్లికూతురిని ఇష్టమేనా అని అడగడం లాంటిదిది. సిజిమాలి విషయంలోనైతే, తాము ఒప్పుకున్నట్టు చూపుతున్న గ్రామసభ తీర్మానాలే నకిలీవని అక్కడి గ్రామస్థులు ఆరోపిస్తున్నారు. ఇదే కాశీపూర్ బ్లాకులోని మైకంచలో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు కనుక, అలాంటి ఆరోపణను కాగితాల పొరపాటుగా కొట్టిపారేయడం తగదు.

వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని రెండు రాష్ట్రాలు 1962లోనే ఒప్పుకున్నాయి. తరువాత ట్రిబ్యునల్ దాకా వెళ్లి 2017లో తీర్పు తెచ్చుకున్నాయి. ఇంత దూరం పోరాడినవారు, ఆ నీటిని ఏడాది పొడవునా దాచి ఇచ్చే కొండల తలలు చెక్కితే పంచుకోవడానికి ఏం మిగులుతుందని ఒక్కసారైనా అడిగిన జాడ నాకు కనబడలేదు. చింతపల్లి, అనంతగిరి బాక్సైట్‌పై ఉద్యమించిన ఉత్తరాంధ్రకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు.

నాగావళి, వంశధారలపై తవ్వకాల ప్రభావం ఎంతో రెండు రాష్ట్రాలూ కలిసి లెక్క తేల్చాలనీ, సిజిమాలి గ్రామసభలను తటస్థ పరిశీలకుల ఎదుట మళ్లీ జరపాలనీ ఉత్తరాంధ్ర పార్లమెంటు సభ్యులు పట్టుబట్టాలి. ఆ సభలు జరిగే రోజున మీ విలేఖరిని కూడా పంపితే, దారి చూపించడానికి, అక్కడి కొంధుల భాష కువిలోని మాటలను తెలుగులో చెప్పించడానికి మాలో కొందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయగడ, ఒడిశా.