అంగిలి మీదికి ఒకసారి టార్చ్ వేయించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నోటి క్యాన్సర్ అనగానే మన ప్రచారమంతా గుట్కా చుట్టూ, మగవాళ్ల చుట్టూ తిరుగుతుంది. సినిమా హాల్లో వేసే ప్రకటనైనా, బస్టాండు గోడ మీది పోస్టరైనా అంతే. తప్పని అనను. దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. కానీ మా శ్రీకాకుళం తీరంలోనూ, విజయనగరం, విశాఖ పల్లెల్లోనూ ఆ పోస్టర్ తమ కోసమే అనుకోని ఆడవాళ్లున్నారు. వాళ్లు గుట్కా ముట్టరు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దాన్నే అడ్డపొగ అంటాం.

ఎందుకలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, చాలాసేపు వస్తుందని, పంటి నొప్పి తగ్గుతుందని. అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటిది. కొత్తతరంలో తగ్గుతోంది, సంతోషమే. అయితే దశాబ్దాలుగా తాగినవాళ్లు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసులో ఉన్నారు. క్యాన్సర్ బయటపడే వయసు కూడా అదే.

నిప్పు లోపల ఉండడంతో సెగా పొగా నేరుగా అంగిలికే కొడతాయి. మామూలుగా నోటి క్యాన్సర్ బుగ్గ లోపలో, నాలుక పక్కనో మొదలవుతుంది. వీళ్లకి అంగిలి మీద మొదలవుతుంది. ముందు అంగిలి తెల్లబారుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. తెల్లబారిన ప్రతి అంగిలీ క్యాన్సర్ కాదు, చుట్ట మానేస్తే చాలామందికి తగ్గుతుంది కూడా. ఎర్రటి మచ్చ కనబడినా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నా, గట్టిపడినట్టు తగిలినా మాత్రం ఆగకూడదు. చిక్కల్లా ఈ దశలో నొప్పి లేకపోవడమే. "నొప్పి నేదు గదమ్మా, ఆస్పత్రికెందుకు?" అంటారు. నొప్పి వచ్చి, పళ్లు కదిలి, మెడలో గడ్డ తేలాక వెళ్తే డాక్టర్లు పైదవడ ఎముక తీసేయాల్సి వస్తుంది. అప్పుడు నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు ఉండదు. తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది, మాట ముక్కుతో మాట్లాడినట్టు అవుతుంది. ఆ రంధ్రం మూయడానికి పెట్టే ప్లేటుతోనే మిగతా జీవితం. అదే జబ్బు చిన్న మచ్చగా ఉన్నప్పుడు దొరికితే చాలాసార్లు చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కాదు. దేశంలోని ఐదు జిల్లాల్లో 50 వేలకు పైగా గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో ప్రచురించిన అధ్యయనంలో శ్రీకాకుళం కూడా ఉంది. ప్రపంచంలో నోటి జబ్బులు చదివే వాళ్లందరికీ మా జిల్లా పేరు తెలుసు. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో మాత్రం దీని గురించి ఒక్క బొమ్మ లేదు.

ముందుగా చూడడం వల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్న అనుమానం కూడా అక్కర్లేదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి సుమారు 1.9 లక్షల మందితో చేసిన పరిశోధనలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూశారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు పరీక్షలు జరగని చోట్లకంటే 34 శాతం తక్కువ. వాళ్ల చేతిలో పెద్ద యంత్రాలేమీ లేవు. కంటితో చూశారు, అంతే.

మన దగ్గరా 30 ఏళ్లు దాటినవాళ్లకి నోటి పరీక్ష కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్త నింపే ఫారంలో పొగాకు వాడతారా అని అడుగుతారు. నిప్పు లోపలా, బయటా అని అడగరు. మా జిల్లాలకైనా ఆ ఒక్క ప్రశ్న చేర్పించండి. పరీక్ష చేసే ఏఎన్ఎంకి తల వెనక్కి వంచించి, కట్టుడు పళ్లుంటే తీయించి, అంగిలి మీదికి టార్చ్ వేసి చూడమని నేర్పించండి. బుగ్గలూ నాలుకా చూసి "బాగుంది" అని రాసేస్తే మా ఆడవాళ్లకి ఆ పరీక్ష జరిగినట్టే కాదు. వేళ కూడా చూడండి. పొద్దున్న పది గంటలకి చేపలమ్మే మనిషి ఇంట్లో ఉండదు, పలాసలో జీడిపప్పు పని చేసే మనిషీ ఉండదు.

అసలు కష్టం మచ్చ దొరికాక మొదలవుతుంది. మచ్చలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి (బయాప్సీ) విశాఖ వెళ్లమంటారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే. కూలి పోతుంది, తోడు రావడానికి ఇంకొకరి కూలి పోతుంది, నొప్పి ఎలాగూ లేదు. ఇక ఎందుకు వెళ్తుంది? ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలోనే ఆస్పత్రి వచ్చింది కదా. అక్కడో, టెక్కలిలోనో వారానికి ఒక రోజు పళ్ల డాక్టరు కూర్చుని ముక్క తీస్తే చాలు. ఆ ముక్కని సీసాలో వేసి విశాఖ పంపడం మనిషిని పంపడం కంటే తేలిక. క్యాన్సర్ అని తేలినవాళ్లకి విశాఖలోని అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అక్కడికి ఎలా వెళ్లాలో, ఎవరిని కలవాలో చెప్పే మనిషిని కూడా వెంట ఇవ్వండి.

చివరగా ఒక్క లెక్క అడుగుతున్నాను. ఎన్ని లక్షల మందికి పరీక్ష చేశామన్నది పేపర్లో వస్తూనే ఉంటుంది. మచ్చ దొరికినవాళ్లలో ఎందరికి ముక్క పరీక్ష జరిగింది, ఎన్ని రోజులకు జరిగింది అన్నది మండలాల వారీగా ప్రకటించండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, గార మండలాలతో మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
శ్రీకాకుళం తీరప్రాంతానికి చెందిన ఒక రిటైర్డ్ టీచరమ్మ